సభ నుంచి మైకు దాకా: తెలుగు సాహిత్య మండళ్ళు, రేడియో



ఆధునిక భారత చరిత్రలో సంఘ సంస్కరణ సభల పట్టిక మీలో చాలామందికి కంఠతా వచ్చి ఉంటుంది. 1844, సూరత్, మానవ ధర్మ సభ, దుర్గారామ్ మెహతాజీ. సంవత్సరం, ఊరు, సంస్థ, మనిషి. బిట్ పేపరుకు ఇంతే చాలు. మెయిన్స్‌లో వ్యాసం రాయాలంటే మాత్రం దీనికి వెనకాల ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఇలాంటి సభల్లో కూర్చుని మనుషులు అసలు ఏం చేసేవారు? ఒకరు తాను రాసుకున్నదో, ఆలోచించుకున్నదో వినిపించేవారు. మిగతావారు వినేవారు, ఒప్పుకునేవారు, తగువు పడేవారు. పుస్తకం కొనే స్తోమత, చదివే చదువు కొద్దిమందికే ఉన్న రోజుల్లో ఒక భాషలో కొత్త ఆలోచన పాకిన దారి చాలావరకు ఇదే.

ఆ సూరత్‌లోనే 1833 ఆగస్టు 24న నర్మద్ పుట్టారు. ఇరవై ఏళ్ళు నిండకముందే ఆయన ఒక ప్రసంగం చేశారు. దాని పేరుకు అర్థం ‘మండలిగా కూడితే కలిగే లాభాలు’. గుజరాతీ వచనంలో తొలి వ్యాసాల్లో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు. ఒక భాషలో ఆధునిక గద్యం మొదలైనప్పుడు దాని తొలి విషయాల్లో ఒకటి ‘అందరం ఒకచోట కూర్చుందాం’ అన్నది కావడం నాకు చాలా నచ్చే సంగతి. నర్మద్ పుట్టినరోజును గుజరాతీలు భాషా దినంగా జరుపుకుంటారు. అయిదు రోజుల తర్వాత, ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు మన తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 9, కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఈ మూడు తేదీలూ పక్కపక్కనే గుర్తుపెట్టుకోండి. వ్యాసం చివరికి మూడూ ఒకే చోటికి వస్తాయి.

ఈ వ్యాసం రాస్తున్నది సూరత్ నగరంలో, తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలి నుంచి. ఇక్కడ మగ్గాల షెడ్ల పక్కన నడుస్తుంటే గుజరాతీతో సమానంగా గంజాం జిల్లా ఒడియా చెవిన పడుతుంది. తెలుగు వినాలంటే నది దాటి లింబాయత్, ఉధ్నా వైపు వెళ్ళాలి. తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ ఉన్నాయి. సూరత్ మునిసిపాలిటీ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక బడులు కూడా నడుపుతోంది. ఇలాంటి చోట ఉన్నవారికి భాష అంటే మొదట చెవి, తర్వాతే అచ్చు. ఇంట్లో వినబడేది, ఫోనులో వినబడేది, పండుగనాడు మైకులో వినబడేది. కనుక సాహిత్యం గొంతు ద్వారా ఎలా ప్రయాణించిందన్న ప్రశ్న ఇక్కడివారికి వట్టి సిలబస్ అంశం కాదు. దానికి జవాబు వెతకడానికి తెలుగునాడు వైపు వెళదాం.

పిఠాపురం నుంచి మద్రాసుకు

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో తెలుగు కవికి రెండు వేదికలు ఉండేవి. ఒకటి సంస్థానం, రెండోది సభ. పిఠాపురం, విజయనగరం, గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు కవులను పోషించాయి. తిరుపతి వేంకట కవులు అవధానాన్ని ఊరూరా తిప్పి జనం కళ కింద మార్చారు. 1920ల నాటికి మూడో వేదిక వచ్చింది. అది స్నేహితుల మండలి. తెనాలిలో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి గారి చుట్టూ ఏర్పడిన సాహితీ సమితి దీనికి మంచి ఉదాహరణ. ఆయనను సభ్యులు ‘సభాపతి’ అనేవారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, నండూరి సుబ్బారావు, విశ్వనాథ సత్యనారాయణ, నోరి నరసింహశాస్త్రి, చింతా దీక్షితులు వంటివారు ఆ వలయంలోని వారే. రాజు లేడు, జీతం లేదు, బిరుదు లేదు. రాసింది తెచ్చి చదవాలి, తోటివారు మెచ్చాలి. ‘సాహితి’ అనే పత్రిక కూడా వాళ్ళు నడిపారు.

భావకవిత్వం గురించి గైడ్లలో ‘ఆంగ్ల కాల్పనిక కవుల ప్రభావం’ అన్న మాట ఉంటుంది. అది తప్పు కాదు, సగమే. భావకవిత్వం జనంలోకి వెళ్ళింది కంఠం వల్ల. కృష్ణశాస్త్రి గారు ఊరూరా తిరిగి సభల్లో కవిత్వం చదివారు. ఆయన చదివే తీరూ, జుట్టూ, కట్టూబొట్టూ కుర్రకారు అనుకరించేంతగా ఆ పర్యటనలు సాగాయి. నండూరి వారి ‘ఎంకి పాటలు’ 1925లో పుస్తకంగా వచ్చేనాటికే స్నేహితుల మధ్య, సభల్లో పాడుకునే పాటలు. ఎంకి భాష పల్లెభాష. కాగితం మీద దాన్ని చూసి పండితులు ముఖం చిట్లించవచ్చు, పాడితే మాత్రం వినకుండా ఉండడం కష్టం. గ్రాంథిక, వ్యావహారిక వివాదంలో ఈ చెవి సాక్ష్యానికి ఉన్న విలువను మన పాఠ్యపుస్తకాలు తక్కువగా చెబుతాయని నా అభిప్రాయం.

ఇక రేడియో. తేదీల భాగం త్వరగా దాటేద్దాం, కానీ దాటేముందు ఒకసారి చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ 1924లో ప్రసారాలు మొదలుపెట్టి, డబ్బు చాలక 1927లో ఆపేసింది. ట్రాన్స్‌మిటర్ మద్రాసు కార్పొరేషన్ చేతికి వచ్చి, 1930 నుంచి నగరపాలికే రేడియో నడిపింది. మెరీనా బీచిలో, పార్కుల్లో లౌడుస్పీకర్లు పెట్టి వినిపించారు. దేశస్థాయిలో 1927 జూలైలో మొదలైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ లైసెన్సుల సంఖ్య ఎనిమిది వేలు దాటకుండానే 1930 మార్చిలో మూతపడింది. ప్రభుత్వం దాన్ని తీసుకుంది. 1936 జూన్ 8న పేరు ఆలిండియా రేడియో అయింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. హైదరాబాదులో 1935 నుంచి నిజాం ప్రభుత్వ దక్కన్ రేడియో ఉండేది. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. స్వాతంత్ర్యం నాటికి భారతదేశానికి దక్కిన కేంద్రాలు ఆరే. అవి దేశ విస్తీర్ణంలో రెండున్నర శాతానికి, జనాభాలో పదకొండు శాతానికి మాత్రమే వినిపించేవి.

ఈ తేదీల్లో దాగిన ఒక సంగతి చూడండి. 1938 నుంచి పదేళ్ళ పాటు, బ్రిటిష్ ఆంధ్ర జిల్లాల తెలుగువారికి తమ నేల మీద రేడియో కేంద్రం లేదు. తెలుగు ప్రసారాలు మద్రాసు నుంచి, తమిళంతో వేళలు పంచుకుంటూ వచ్చేవి. ఆంధ్రోద్యమం గురించి రాసేటప్పుడు మద్రాసు నగరం మీది తగువుకు ఆర్థిక, పరిపాలనా కారణాలు అందరూ రాస్తారు. తెలుగు అచ్చు, తెలుగు సినిమా, తెలుగు రేడియో మూడూ మద్రాసులోనే ఉన్నాయన్న మాట ఒక్క వాక్యంలో చేర్చండి, మీ జవాబు పక్కవారి జవాబు కంటే వేరుగా కనబడుతుంది.

మద్రాసు కేంద్రానికి మాట్లాడేవాళ్ళు, రాసేవాళ్ళు కావాలి. వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు? సభల నుంచీ, మండళ్ళ నుంచీ వచ్చారు. ఇక్కడ ఒక్క ఊరిని పట్టుకుంటే మొత్తం కథ కనబడుతుంది. ఆ ఊరు పిఠాపురం. కృష్ణశాస్త్రి గారి తండ్రి, పెదనాన్న ‘దేవులపల్లి సోదర కవులు’గా పిఠాపురం సంస్థానంలో పండితులు. పెద్దల తరం రాజు కొలువులో పద్యం చదివితే, కొడుకు సాహితీ సమితిలో, ఊళ్ళ సభల్లో చదివారు, 1940లలో రేడియోలోకి వచ్చి సంగీత రూపకాలు, నాటికలు, పాటలు రాశారు. అదే పిఠాపురంలో పెరిగిన మరొకరు బాలాంత్రపు రజనీకాంతరావు. ఆయన తండ్రి వెంకటరావు గారు వేంకట పార్వతీశ కవుల జంటలో ఒకరు. ఆ జంట 1911 నుంచి ఆంధ్ర ప్రచారిణీ గ్రంథమాల నడిపి బెంగాలీ నవలలను తెలుగువారికి అలవాటు చేసింది. తండ్రి గ్రంథమాల నడిపితే, కొడుకు 1941లో మద్రాసు రేడియోలో చేరారు. 1947 ఆగస్టు 15న మద్రాసు కేంద్రం నుంచి టంగుటూరి సూర్యకుమారి పాడిన స్వాతంత్ర్య గీతం ఆయన రచనే. తర్వాత విజయవాడ కేంద్రంలో ‘భక్తిరంజని’ని తెలుగిళ్ళ పొద్దుటి అలవాటుగా మార్చారు. వాగ్గేయకారుల మీద ఆయన రాసిన పుస్తకానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సంస్థానం, మండలి, గ్రంథమాల, రేడియో అన్నవి నాలుగు వేర్వేరు యుగాలని అనుకుంటాం. రెండు ఇళ్ళలో, రెండు తరాల్లో అవన్నీ జరిగిపోయాయి.

అందువల్ల రేడియో వచ్చి పాత సాహిత్య సభను తోసేసిందనే వాదన తెలుగు విషయంలో నిలవదు. సభే లేచి స్టూడియోలోకి వెళ్ళింది. బుచ్చిబాబు, ఆ తరువాత గోపీచంద్, దాశరథి, ఇలా రేడియోలో పనిచేసిన రచయితల పేర్లు చెబుతూ పోతే మన సాహిత్య చరిత్ర పుస్తకంలో సగం పేజీలు తిరగేసినట్టే ఉంటుంది. 1956 నుంచి ఆకాశవాణి సర్వభాషా కవిసమ్మేళనాన్ని గణతంత్ర దినోత్సవ సమయంలో నిర్వహిస్తోంది. కవిసమ్మేళనం అనే పాత సభారూపాన్ని రాజ్యం తన క్యాలెండరులో చేర్చుకుంది. ఉగాది కవిసమ్మేళనం కూడా రేడియోలో అలాగే స్థిరపడింది.

పిల్లల సంగతి కూడా ఇదే. ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, ‘రేడియో అక్కయ్య’ కామేశ్వరి గారలు మద్రాసులోనూ, తర్వాత హైదరాబాదులోనూ పిల్లల కార్యక్రమాలు నడిపారు. వాళ్ళు రేడియోతో ఆగలేదు. 1940లో బాలసంఘం పెట్టారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. రేడియోలో విన్న పిల్లవాడికి చేరడానికి ఒక సంఘం, రాయడానికి ఒక పత్రిక ఉండాలన్నది వాళ్ళ ఆలోచన. సభ లేని రేడియో ఒకవైపు గొట్టం మాత్రమేనని ఆ దంపతులకు తెలుసు.

వచ్చిందేమిటి, పోయిందేమిటి

సభ స్టూడియోలోకి వెళ్ళినప్పుడు ఏం లాభం కలిగిందో చెప్పడం తేలిక. దూరం తగ్గింది. రాత్రిపూట సభకు వెళ్ళే వీలులేని ఆడవారికి ఇంట్లోనే సాహిత్యం వినబడింది. పంచాయతీ రేడియో ఉన్న ఊళ్ళో అక్షరం రానివారికి నాటకం అందింది. లలిత గీతం, రేడియో నాటిక, సంగీత రూపకం అనే రూపాలు ఎదిగాయి. అన్నిటికంటే ముఖ్యం, గిడుగు వారి పోరాటానికి బలమైన సహాయం దొరికింది. 1910లలో మద్రాసు విశ్వవిద్యాలయపు సంఘాల్లో ఓడిపోయిన వ్యావహారిక భాష, రేడియో నాటికలో వాదించకుండానే గెలిచింది. భార్యాభర్తలు గ్రాంథికంలో పోట్లాడుకుంటే వినేవాళ్ళు నవ్వుతారు కదా.

పోయిందేమిటన్నది అంత తేలికగా కనబడదు. సభలో ఎవరైనా లేవవచ్చు. ‘అయ్యా, ఇది నాకు నచ్చలేదు’ అనవచ్చు. రేడియోలో లేచి నిలబడే చోటు లేదు. పైగా సభకు లేనివి మూడు రేడియోకు వచ్చాయి. గడియారం, ముందే పంపి చూపించాల్సిన రాతప్రతి, జీతమిచ్చే ప్రభుత్వం. పదిహేను నిమిషాల ప్రసంగం పదహారో నిమిషంలోకి పోకూడదు. ఏం మాట్లాడబోతున్నారో ముందే రాసి ఇవ్వాలి. ప్రభుత్వాన్ని తిట్టే కవి గాలిలోకి వెళ్ళడు.

కాబట్టి ప్రభుత్వానికి పనికిరాని సాహిత్యం ఏమైందో చూడాలి. అది సభలోనే, వీధిలోనే ఉండిపోయింది. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథనూ, నాటకాన్నీ ఊళ్ళకు తీసుకెళ్ళింది. షేక్ నాజర్ బుర్రకథ అప్పటి జనాన్ని ఊపేసింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. దిగంబర కవులు తమ మొదటి సంపుటిని 1965 మేలో హైదరాబాదులో, అర్ధరాత్రి, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ వేళ, ఆ చోటు, ఆ మనిషి, మూడూ కావాలనే ఎంచుకున్నవి. ఆకాశవాణి కవిసమ్మేళనం ఏదైతే కాదో అదంతా ఆ ఒక్క రాత్రిలో ఉంది.

నిజాం రాజ్యంలో ఈ తగువు మరీ పచ్చిగా ఉండేది. అక్కడ ‘గస్తీ నిషాన్ 53’ ప్రకారం సభ పెట్టుకోవాలంటేనే ముందు అనుమతి కావాలి. అందుకే తెలంగాణలో గ్రంథాలయమే సాహిత్య మండలి అయింది. 1901 సెప్టెంబరు 1న మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం నుంచి మొదలుపెట్టి చూస్తే, గ్రంథాలయం అంటే పుస్తకాల బీరువా అన్న అర్థం మాత్రమే అక్కడ సరిపోదని తెలుస్తుంది. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చినప్పుడు, సురవరం ప్రతాపరెడ్డి గారు వాదన రాయలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. ‘మీరు వినలేదు కాబట్టి మేము లేమా’ అని ఆ పుస్తకం అడుగుతుంది. ఈ ప్రశ్నను మరిచిపోకండి, కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

1940లలో వరంగల్లులో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలకు వేసిన పందిళ్ళను రజాకార్లు తగలబెట్టారు. అయినా సభ ఆగలేదు, దాశరథి కవిత్వం చదివారు. ఆ దాశరథే తర్వాత జైలుకు వెళ్ళి, నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. 1956 తర్వాత ఆయనే హైదరాబాదు ఆకాశవాణిలో ఉద్యోగం చేశారు. దీన్ని కవి లొంగిపోవడంగా చూసేవారు ఉన్నారు. నేను అలా చూడను. రాజ్యం మారింది, ఆ కవి పోరాడినదాంట్లో ఒక ముక్క గెలిచింది. కానీ గోడ మీద రాసిన పద్యానికి ముందస్తు అనుమతి అక్కర లేదన్న తేడా మాత్రం తేడాగానే ఉంటుంది. వరంగల్లులో కాళోజీ సోదరుల మిత్రమండలి వంటివి రేడియో యుగంలోనూ బతికి ఉండడానికి కారణం అదే. ఎవరైనా రావచ్చు, రాసింది చదవవచ్చు, తిట్టించుకోవచ్చు. నర్మద్ వాడిన ‘మండలి’ అన్న మాటే అక్కడా ఉందని గమనించారా?

ఎవరి తెలుగు?

రేడియోలో వ్యావహారికం గెలిచిందన్నాను. ఎవరి వ్యావహారికం? చాలావరకు కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాట. అదే ‘ప్రామాణికం’ అయింది. మిగతా ప్రాంతాల పలుకు నాటికల్లో నౌకరుకో, హాస్యపాత్రకో దక్కింది. గిడుగు వారి దినం ఒకటి, కాళోజీ దినం ఒకటి ఎందుకు వేర్వేరుగా ఉన్నాయో ఇప్పుడు మీకు సులువుగా అర్థమవుతుంది. మొదటిది పుస్తకం మీద నోటిమాట చేసిన దావా. రెండోది ఒక నోటిమాట మీద ఇంకో నోటిమాట చేసిన దావా.

జానపద గీతాన్ని తీసుకుందాం. కృష్ణశాస్త్రి గారి మేనకోడళ్ళు వింజమూరి అనసూయ, సీత గారలు పల్లెపాటలు సేకరించి మద్రాసు రేడియోలో పాడి తెలుగువారందరికీ వినిపించారు. సీత గారు తర్వాత హైదరాబాదు ఆకాశవాణిలో జానపద సంగీతం విభాగం చూశారు. ఇది చిన్న సేవ కాదు. వాళ్ళు లేకపోతే ఆ పాటల్లో ఎన్నో పోయేవి. అయినా ఒక సంగతి ఉంది. నాట్లు వేస్తూ పాడిన ఆమె పొలంలోనే ఉండిపోయింది, ఆమె పాట మాత్రం ఇంకొకరి గొంతులో స్టూడియోకు వెళ్ళింది.

ఆమె స్వయంగా మైకు ముందు కూర్చోవడానికి 2008 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో జరిగింది రాజ్యాంగ చరిత్ర, మీ పాలిటీ పేపరుకు కూడా పనికొస్తుంది. ఆకాశవాణికి స్వయంప్రతిపత్తి కావాలని 1960లలో చందా కమిటీ, 1978లో వర్ఘీస్ కమిటీ చెప్పాయి. ఎమర్జెన్సీలో ప్రభుత్వ రేడియో ఎలా వాడుకోబడిందో చూసిన దేశానికి రెండో కమిటీ మాట గట్టిగా తగిలింది. ప్రసార భారతి చట్టం 1990లో వచ్చి 1997లో అమలైంది. ఈలోగా, 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారాల తగాదా సుప్రీంకోర్టుకు చేరింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. క్రికెట్ కోసం వేసిన కేసు పల్లెటూరి రేడియోకు దారి తీసింది.

అయితే ఆ దారి వెంటనే తెరుచుకోలేదు. అప్పటి మెదక్, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి మహిళా సంఘాలు ఉన్నాయి. సభ్యుల్లో ఎక్కువమంది పేద దళిత స్త్రీలు. మాచ్‌నూర్ గ్రామంలో 1998 నాటికే వాళ్ళకు రేడియో స్టూడియో సిద్ధమైంది. లైసెన్సు మాత్రం లేదు. అప్పుడు వాళ్ళేం చేశారో చూడండి. రికార్డు చేసిన క్యాసెట్లను ఊళ్ళకు తీసుకెళ్ళి సంఘం కూర్చున్నప్పుడు టేపురికార్డరులో వేసి వినిపించారు. విన్నవాళ్ళు అక్కడే మాట్లాడుకున్నారు. గాలి దొరకకపోతే రేడియో మళ్ళీ సభ అయిపోయింది. దాదాపు పదేళ్ళు అలా గడిచాయి. 2000లో ‘పస్తాపూర్ డిక్లరేషన్’ సామాజిక రేడియోకు అనుమతి కావాలని అడిగింది. 2002లో విద్యాసంస్థలకు మాత్రమే తలుపు తీశారు. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకూ వీలిచ్చారు. 2008 అక్టోబరు 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినం నాడు, సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించినది ఎవరో కాదు, 1995 తీర్పు రాసిన జస్టిస్ సావంత్.

సంఘం రేడియో సాయంత్రం పూట రెండు గంటలు, చుట్టుపక్కల ఊళ్ళకు వినబడుతుంది. జొన్న, సజ్జ, విత్తనం, మందు చెట్లు, పండుగలు, పాటలు. భాష జహీరాబాద్ తెలుగు. నడిపేవాళ్ళు, పాడేవాళ్ళు, వినేవాళ్ళు ఒకే ఊళ్ళవారు. ఇది సాహిత్యమా అని మీరు అడగవచ్చు. బతుకమ్మ పాట, అల్లోనేరేడల్లో, నాట్ల పాట, పొడుపుకథ సాహిత్యం కాకపోతే మన సిలబస్‌లోని ‘జానపద సాహిత్యం’ అనే యూనిట్‌ను కొట్టేయాలి. 354 మంది కవుల్ని చూపించి ప్రతాపరెడ్డి గారు వేసిన ప్రశ్ననే ఈ స్త్రీలు ఇంకో మెట్టు కింద నుంచి వేశారని నేను అనుకుంటాను. ఆ సంచికలో చేరడానికి రాయడం రావాలి. ఇక్కడ చేరడానికి గొంతు చాలు.

అంతా చక్కబడిందని అనుకోకండి. సామాజిక రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలను యథాతథంగా వినిపించుకోవచ్చు, అంతే. విత్తనం గురించి పాడవచ్చు కానీ, మండల ఆఫీసులో ఏం జరిగిందో వార్తగా చదవకూడదు. పద్దెనిమిదేళ్ళు దాటినవాడు అదే విషయం తన ఫోనులో లోకమంతటికీ చెప్పగలిగిన రోజుల్లో ఈ నియమం ఎంత సమంజసమో మీరే తేల్చండి. 1930లో ప్రభుత్వం చేతిలో ఉన్న గడియారం, రాతప్రతి పోయినా, తలుపు దగ్గరి కాపలా ఇంకా పూర్తిగా పోలేదు.

ఇక కృష్ణశాస్త్రి గారి గురించి ఒక్క మాట మిగిలింది. గొంతుతోనే తెలుగునాట పేరు తెచ్చుకున్న ఆ మనిషికి 1963లో గొంతు జబ్బు వల్ల మాట పోయింది. 1980లో చనిపోయేదాకా ఇంటికి వచ్చినవారితో కాగితాల మీద రాసి మాట్లాడేవారు. పాటలు రాయడం మానలేదు. ఆయన పలకలేని మాటలను రేడియోలో ఇతరులు పాడుతుంటే ఆయన వినేవారు.

ఈ వారం సాధనకు ప్రశ్న ఇస్తున్నాను. 250 పదాల్లో రాయండి: ‘తెలుగు సాహిత్య వ్యాప్తిలో రేడియో పాత్రను చర్చించండి. ఎవరి గొంతు వినబడింది, ఎవరిది వినబడలేదు అన్న దృష్టితో విమర్శించండి.’ విజయవాడ కేంద్రం తేదీతో జవాబు మొదలుపెట్టకండి. పిఠాపురంతోనో, మాచ్‌నూర్‌తోనో మొదలుపెట్టండి. సూరత్, షోలాపూర్, భివండి వైపు ఉండి చదువుకుంటున్నవారు మీ పేటలో తెలుగు ఎక్కడెక్కడ, ఎవరి నోట వినబడుతుందో ఒక పేరా చేర్చండి. అది ఏ గైడులోనూ దొరకదు.